బందెలదొడ్డిలో సర్కారు నీళ్ళు

అది 1962. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వైపుకు నాకు బదిలీ అయిన కొత్తలు. అప్పుడు నేను రెవిన్యూ ఇన్‌స్పెక్టరును. జనం నోట్లో ఆ ఉద్యోగం పేరు 'ఆరయ్యి'. కొన్ని ఊళ్ళను కలిపి ఫిర్కా అంటారు, ఫిర్కాకు ఒక ఆరయ్యి. తహసీల్దారు చెప్పింది ఊళ్ళలో జరిగేట్టు చూడడం, ఊళ్ళలో జరిగింది తహసీల్దారుకు చెప్పడం, రెండు వైపులా తిట్లు తినడం అతని పని. తిరగడానికి సొంత సైకిలు, పడుకోవడానికి ఏ ఊరి చావడిలోనైనా ఒక కుక్కి మంచం. నా పేరు ఖాదర్ బాషా. మా నాయన జమ్మలమడుగులో దర్జీ. గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని ఆయన వీధంతా మిఠాయి పంచాడు. ఆ మిఠాయి తిన్నవాళ్ళంతా తర్వాత ఏదో ఒక సర్టిఫికెట్టు కోసం నా దగ్గరికి వచ్చారు.

పులివెందుల వైపు పనిచేసినన్నాళ్ళు నాకు నీళ్ళ తగాదాలు తెలియవు. అక్కడ తగాదా పడాలన్నా నీళ్ళుండాలి కదా. ప్రొద్దుటూరు వైపుకు వచ్చాక మొదటిసారి కాలువ చూశాను. కాలువతో పాటు దాని పన్నులు కూడా చూశాను. చదివేవాళ్ళకు ఈ ముక్క తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. వాన మీద పండే మెట్ట భూమికి సర్కారు కాలువ నీళ్ళు పారిస్తే 'వాటర్ రేటు' కట్టాలి. అనుమతి లేకుండా పారిస్తే దాని నెత్తిన 'పెనాల్టీ' కూడా పడుతుంది. కట్టకపోతే 'అటాచ్‌మెంటు', అంటే జప్తు. దున్నే ఎద్దుల్ని, కాడినీ మేడినీ జప్తు చెయ్యకూడదని రూలుంది. పాలిచ్చే బర్రెకు మాత్రం ఆ రక్షణ లేదు. ఈ కథలో ఒక బర్రె ఉంది.

ఊరి పేరు గుండ్లపల్లె అనుకోండి. జమ్మలమడుగు రోడ్డు దిగి కాలువ గట్టు పట్టుకుని పోతే వస్తుంది. ఆ ఊరి మునసబు వెంగల్రెడ్డి ఒక రిపోర్టు పంపాడు. మునసబు అంటే పన్నులు వసూలు చేసి సర్కారుకు జమకట్టే గ్రామాధికారి. ఓబులమ్మ అనే రైతు కాలువ నీళ్ళను అక్రమంగా తన మెట్ట చేలోకి మళ్ళించుకుని, కట్ట వేసి, నిలవ పెట్టుకున్నదనీ, వదలమంటే వదలడం లేదనీ ఆ రిపోర్టు సారాంశం. దాని మీద వాటర్ రేటూ పెనాల్టీ పడ్డాయి. ఆమె కట్టలేదు. నోటీసు ఇస్తే తీసుకుని గొడ్లపాకలో చూరుకు చెక్కిందట. ఇక ఆరయ్యి పోయి విచారించి, కట్టకపోతే బర్రెను జప్తు చేయాలని కాగితం నా చేతికొచ్చింది. సైకిలు తీశాను.

చేను చూసి నేను గట్టు మీదే నిలబడిపోయాను. రెండెకరాల పల్లపు చేను నిండా మోకాటి లోతు నీళ్ళు. చుట్టూ బలంగా మట్టికట్ట. కట్ట పొడుగునా తుమ్మకంప పరిచి ఉంది. ఒక మూల రెండు గుంజలు పాతి, నీళ్ళు పోకుండా మట్టి మెత్తిన తడిక వాటికి కట్టి, తడికకు ఒక తాడు బిగించి ఉంది. ఆ తడిక పక్కన గోనెపట్టా మీద ఒకామె కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి. నా సైకిలు చూసి లేవలేదు, ముసుగు సర్దుకోలేదు.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"బందెలదొడ్డి" అంది.

బందెలదొడ్డి ప్రతి ఊళ్ళోనూ ఉండేది. పరాయి పొలంలో పడి మేసిన గొడ్లను తోలుకొచ్చి అందులో కట్టేస్తారు. గొడ్డు సొంతదారు జుల్మానా కట్టి విడిపించుకుపోవాలి.

"గొడ్లు యాడుండాయి?"

"గొడ్లు గాదప్పా, నీళ్ళు. సర్కారు నీళ్ళు. కార్తీకంలో కాలవ తెంపుకోని వచ్చి నా చేన్లో పడినాయి. పీకే టయానికి శెనక్కాయ పైరంతా తినేసినాయి. పట్టుకోని కట్టేసినా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు ఇది తేలిగ్గా తెగే వ్యవహారం కాదని అనుమానం వచ్చింది.

"నీళ్ళను బందెలో పెట్టే రూలు లేదమ్మా" అన్నాను, గొంతులోకి కొంచెం ఆఫీసు తెచ్చుకుని.

"ఉండు. నీకు ఓపికుంటే ఒక మాట చెప్తా. పోయినేడు నా బర్రె పలుపు తెంపుకోని మునసబు మడికాడికి పోయింది. రెండు నోళ్ళు మేసిందో లేదో, తోలకపోయి బందెలదొడ్లో పెట్టినారు. నేను పోయి మొత్తుకున్యా. కావాలని తోలలేదు, అదే తెంపుకోని పోయిందీ అన్న్యా. ఇన్న్యారా? గొడ్డు ఎవురిదైతే వాళ్ళే జుల్మానా కట్టాల అన్న్యారు. మేతకూలి వేరే కట్టాల అన్న్యారు. రెండూ కట్టి ఇడిపిచ్చుకున్యా. అది రూలేనా?"

"రూలే."

"ఈ నీళ్ళు ఎవురివి?"

"గవర్నమెంటువి."

"మరి నన్ను కట్టమంటాండారే?"

నేను సైకిలు స్టాండు వేశాను. మామూలుగా విచారణలో ఆ పని మొదటే చేస్తారు. ఇంత సూటి ప్రశ్న వస్తుందనుకోలేదు కాబట్టి అప్పటిదాకా హాండిలు పట్టుకునే ఉన్నాను.

"గొడ్డుకు మేత వెయ్యాల, కుడితి పెట్టాల. నీళ్ళకు నువ్వేం పెడ్తాండావు?" అన్నాను, ఆమె దారిలోనే పోయి ఇరికిద్దామని.

"రెండెకరాలు మేసినాయి గదప్పా, ఇంగేం పెట్టాల? నాకు కావలి కూలి గూడా రావాల. పొద్దున్నే ఈడికొస్తే మాపటికి గదా నేను ఇంటికి పోయేది."

జరిగిందేమిటో కనుక్కుంటే ఆమె చెప్పింది నిజమే. కాలువ గట్టు ఒకచోట బలహీనంగా ఉందని రైతులు చెబుతూనే వచ్చారు. చూసేవాళ్ళు చూడలేదు. ఆ శాఖ పేరు రాయను, ఇప్పుడు వాళ్ళతో నాకెందుకు. కార్తీకంలో గట్టు తెగింది. తర్వాత గండి పూడ్చారు గానీ ఊట ఆగలేదు. భూమిలో కాయ కుళ్ళిపోయింది, కొంత మొలకెత్తింది. నోటికందిన పంట పోవడంతో పాటు మళ్ళీ వేసుకోవడానికి విత్తనం కూడా పోయింది. ఆమె కడుపుమండి నీళ్ళు బయటికి పోకుండా కట్ట వేసింది.

మునసబు రిపోర్టు రాయడానికి కారణం కూడా అక్కడే కనబడింది. ఓబులమ్మ చేని కింద ఉన్న మడి ఆయనదే. మాఘమాసం వచ్చేసరికి ఆయన బావి అడుగంటింది, వరి ఎండుతోంది. పైన ఓబులమ్మ దగ్గర చెరువంత నీళ్ళు. ఆయన మనిషిని పంపి వదలమన్నాడు. "జుల్మానా కట్టి ఇడిపిచ్చుకోమను" అని ఈమె జవాబు పంపింది. ఆయన కలం తీశాడు.

"నీ మాట బాగానే ఉంది గానీ, కట్టకపోతే బర్రెను జప్తు చెయ్యాల్సి వస్తాది" అని చెప్పాను. చెప్పడం నా డ్యూటీ.

ఆమె ముఖంలో మొదటిసారి ధైర్యం జారింది. పంట పోయాక ఆ ఇల్లు బర్రె మీదే నడుస్తోంది. పాలు పట్నంలో హోటలుకు పోస్తుంది. ఇంట్లో పళ్ళూడిన అత్త ఉంది, ఆమెకు పాలన్నం తప్ప ఏదీ మింగుడుపడదు.

"సర్కారోళ్ళ నీళ్ళు నా పైరు తినె. ఇప్పుడు సర్కారోళ్ళు నా బర్రెను తోలకపోవాలనా? మీకు బర్రె కావాలంటే నేరుగా అడగరాదా, ఇన్ని నీళ్ళు ఎందుకు పంపిచ్చినారు?" అంది.

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. తప్పు మాట్లాడుతోందని తెలుస్తోంది, ఎక్కడ తప్పో చెప్పలేకపోయాను. ఆమెది తప్పని రుజువు చేయడానికే ఇంటికి వెళ్ళి రూల్సు పుస్తకం తెరిచాను. నీళ్ళను గొడ్లతో పోల్చకూడదని ఎక్కడైనా ఉంటుందని నా ఆశ. అది లేదు. దొరికింది ఇంకొకటి. కాలువ నీళ్ళు తమంతట తామే పొలంలోకి పారినా సరే పన్ను వేయవచ్చు. కానీ ఆ నీళ్ళు పైరుకు మేలు చేసి ఉండాలి, చాలినంత ఉండాలి. ఆ రెండూ అధికారి నమ్మాలి. చాలినంత ఉన్నాయనడానికి నా తడిసిన చెప్పులే సాక్ష్యం. మేలు సంగతే తేలాలి. జప్తు ఆపి, ఈ విషయం అజమాయిషీలో తేల్చమని కాగితం పైకి పంపాను.

అజమాయిషీ అంటే తహసీల్దారు స్వయంగా ఊళ్ళోకి వచ్చి, ఏ చేలో ఏ పైరుందో లెక్కల్లో రాసింది నిజమో కాదో తనిఖీ చేయడం. ఎవరికైనా పన్ను మీద అభ్యంతరం ఉంటే ఆ రోజు చెప్పుకోవచ్చు. గుండ్లపల్లె అజమాయిషీ వచ్చేసరికి రంజాను నెల నడుస్తోంది. నేను ఉపవాసాలుంటున్నాను. ఎండలో సైకిలు తొక్కడం, అరిచి మాట్లాడేవాళ్ళ మధ్య నోరు ఎండబెట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ ఆ నెలలో ఆరయ్యికి అదనపు పుణ్యం.

మా తహసీల్దారుగారి గురించి ఒక్క మాట చెప్పాలి. కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడు కాడు, పని తెలిసినవాడు, మా మాట తీరు చూసి మొదట్లో భయపడేవాడు. "వీళ్ళు కొట్టుకుంటున్నారా, కుశలం అడుగుతున్నారా ఖాదర్?" అని నన్ను పక్కకు పిలిచి అడిగేవాడు. ఆయనకు ఇక్కడ వచ్చిన పెద్ద కష్టం చేప. పుట్టిన దగ్గర్నుంచీ చేప లేకుండా ముద్ద దిగని మనిషిని తెచ్చి, ఏటిలో ఇసుక తప్ప ఏమీ కనబడని చోట వేశారు. క్యాంపుకు పోయిన ప్రతి ఊళ్ళోనూ కోడిని కోసి పెట్టేవాళ్ళు. ఆయన మర్యాదకు తిని, జీపులో కూర్చున్నాక నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు సంగతి తాలూకా అంతా తెలుసు. వెంగల్రెడ్డికీ తెలుసు.

ఆ రోజు ఉదయం పొలాలు తిరిగాం. ఓబులమ్మ చేని దగ్గర తహసీల్దారుగారు తడిక, కంప, తాడు అన్నీ చూశాడు. దారిలో ఆమె వాదన నేను చెబితే పెద్దగా నవ్వి, "తెలివైనదే గానీ రూలు రూలేనయ్యా" అన్నాడు. వెంటనే మునసబు అందుకుని, "మేలు జరగలేదనేది అబద్దం సార్. శెనక్కాయ పోయినా చుట్టూ గడ్డి యట్ల మొలిచిందో చూడండి. ఆ గడ్డి ఆయమ్మ బర్రే మేసింది. అది మేలు గాదా?" అన్నాడు. తహసీల్దారుగారు గడ్డి వైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఓబులమ్మ దూరంగా నిలబడి మా ముఖాలు చదువుతోంది.

మధ్యాహ్నం భోజనం మునసబు ఇంట్లో. పీటలు వేశారు, విస్తళ్ళు వేశారు. తహసీల్దారుగారు, ఊరి భూముల లెక్కలు రాసే కరణం, జీపు డ్రైవరు వరసగా కూర్చున్నారు. నేను ఉపవాసం కాబట్టి వసారాలో గోడకానుకుని కూర్చున్నాను. లోపల్నుంచి కొర్రమీను పులుసు గిన్నె వచ్చింది. ఉపవాసం ఉన్న మనిషికి ముక్కు ఎంత చురుగ్గా పనిచేస్తుందో ఉన్నవాళ్ళకే తెలుసు. తహసీల్దారుగారు గిన్నెలోకి తొంగిచూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

మొదటి విడత మాటల్లేకుండా నడిచింది. రెండోసారి వడ్డించాక ఆయనకు లోకం గుర్తొచ్చింది.

"ఎక్కడివయ్యా మునసబుగారూ ఈ చేపలు? ఏడాదిగా వెతుకుతున్నాను, ఇంత తాజా చేప నేను ఈ తాలూకాలో చూడలేదు!"

"ఏదో మీకోసమని తెప్పిచ్చినా సార్" అన్నాడు మునసబు.

"ఎక్కడినుంచి? చెప్పవయ్యా, మనిషిని పంపిస్తాను."

మునసబు నసిగాడు. ఇక్కడ ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. ఊరి తలారి, చావడి దగ్గర కావలి ఉండి అధికారుల పనులు చూసే మనిషి, గుమ్మం పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లవారకముందే వల పట్టుకుని మోకాటి లోతు చన్నీళ్ళలో దిగింది వాడు. ఇంతసేపూ వాడి కష్టం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. దొర మెచ్చుకుంటున్నాడు, మునసబు పేరు కొట్టేస్తున్నాడు. వాడు ఆగలేకపోయాడు.

"మన ఓబులమ్మ చేన్లోయే దొరా! నేనే పట్టినా. ఇంగా శానా ఉండాయి ఆడ" అన్నాడు.

కరణం దగ్గాడు. మునసబు పైకప్పులో దూలాలు లెక్కపెట్టాడు. తహసీల్దారుగారి చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత ముద్ద లోపలికి పోయింది. చేతిలోకి తీసుకున్నది విస్తట్లో వదలకూడదని ఆయన పెద్దవాళ్ళు నేర్పి ఉంటారు.

విచారణ చావడి దగ్గర. ఊరంతా వచ్చింది. గవర్నమెంటు నీళ్ళను బందెలో పెట్టిన మనిషిని ఏం చేస్తారో చూడాలని పక్క ఊరి వాళ్ళు కూడా వచ్చారు. తహసీల్దారుగారు కుర్చీలో కూర్చున్నాడు. ఓబులమ్మ వచ్చి దండం పెట్టి, ఎవరూ అడగకముందే ఫిర్యాదుతో మొదలుపెట్టింది.

"దొరా, నా బందెలదొడ్లో దొంగలు పడినారు."

"ఏం పోయింది?" అన్నాడు ఆయన, నెమ్మదిగా.

"చేపలు. పోయినేడు నా బర్రెను బందెలో పెట్టినప్పుడు, జుల్మానా కట్టకుండా ఇప్పకపోతే కేసు అయితాదని ఈ మునసబన్నే నన్ను బెదిరిచ్చినాడు. మరి నా బందెలో ఉండేటియి కట్టకుండా తీసకపోయినోళ్ళ మీద కేసు లేదా? నేను ఎవురినీ అనను. మునసబన్న ఇంటి పక్కన పోతా వాసన మాత్రం చూసినా."

జనంలో నవ్వు లేచింది. తహసీల్దారుగారు రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న మూతి అది.

"ఆ విషయం తర్వాత. ముందు పన్ను సంగతి" అన్నాడు. "నీళ్ళు నీకు మేలు చేసి ఉండాలి, చాలినంత ఉండాలి, అప్పుడే పన్ను. చాలినన్ని వచ్చాయా?"

"చాలినన్నా? నువ్వే దిగి చూడు దొరా. ఈత వస్తే దిగు."

"గడ్డి మొలిచిందట. నీ బర్రె మేసిందట. అది మేలే కదా?"

"మేసింది. మేసి పారుకునింది. పాలు సగం తగ్గిచ్చింది. నేను పేడ చూపిస్తా, ఆ పేడ చూసినాక నువ్వు మేలు అంటే, నేను కట్టేస్తా."

ఆ సాక్ష్యం తహసీల్దారుగారు వద్దన్నాడు. కొంచెంసేపు వేలితో కుర్చీ చేతిని తడుతూ ఆలోచించాడు. తర్వాత నేను జీవితంలో మరే అధికారి నోటా వినని మాట అన్నాడు.

"ఈ కేసు నేను విచారించకూడదమ్మా. ఈ నీళ్ళ వల్ల ఎవరికి మేలు జరిగిందీ అనేదే ఇక్కడ ప్రశ్న. నాకు జరిగింది. రెండుసార్లు వడ్డించారు."

ఆయన వరసగా చూశాడు. కరణం తిన్నాడు. డ్రైవరు తిన్నాడు. మునసబు సంగతి చెప్పనక్కర్లేదు. తలారికి తలకాయలు ఇచ్చారు. ఆయన చూపు నా దగ్గర ఆగింది.

"ఖాదర్, నువ్వు ఉపవాసం కదూ?"

"అవును సార్."

"ఆ చేప ముట్టనివాడివి మన ఆఫీసులో నువ్వొక్కడివే. విచారణ నువ్వు చెయ్యి, రిపోర్టు నువ్వు రాయి. సంతకం నేను పెడతాను. సంతకానికి నాకు అభ్యంతరం లేదు."

రంజాను నెలలో నాకు దక్కిన గౌరవాల్లో అది పెద్దది. నేను చావడి అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చుని, నాలుక పిడచకట్టుకుపోతున్నా గొంతు పెంచి మునసబును పిలిచాను. ఆయనంటే నాకు ప్రత్యేకంగా పగ లేదు. కానీ అంతసేపు ఆ పులుసు వాసన చూపించి కూర్చోబెట్టినందుకు కొంచెం ఉందేమో.

"మునసబుగారూ, ఒక్కటే ప్రశ్న. ఆ చేన్లో ఉండే నీళ్ళు ఎవురివి? గవర్నమెంటువి అంటే అందులో చేపలూ గవర్నమెంటువే. వేలం లేకుండా పట్టించినందుకు, తిన్నందుకు మీ మీద ఇంకో ఫైలు తెరవాల. గవర్నమెంటువి కావు, ఓబులమ్మవి అంటే ఆయమ్మ నీళ్ళకు ఆయమ్మ మీద పన్ను లేదు. యేది రాయమంటారు? మీ నోటితో చెప్తే అదే రాస్తా."

వెంగల్రెడ్డి తహసీల్దారు వైపు చూశాడు. తహసీల్దారు రుమాలు మడత పెడుతున్నాడు. కరణం వైపు చూశాడు. కరణం చావడి గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

"నీళ్ళు ఓబులమ్మవే" అన్నాడు మునసబు, నేలకు చెబుతున్నట్టు.

"గట్టిగా చెప్పండి, నాకు కడుపు ఖాళీగా ఉంది, ఇనపడ్డం లేదు."

"ఓబులమ్మవేనప్పా!"

రాశాను. నీళ్ళు రైతు మళ్ళించుకున్నవి కావు, గట్టు తెగి వచ్చినవి. పైరుకు మేలు జరగలేదు, పైరే లేకుండా పోయింది. కాబట్టి వాటర్ రేటు, పెనాల్టీ రెండూ కొట్టివేయాలి. జప్తు రద్దు చేయాలి. పంట మునిగినందున ఆ భూమికి 'రెమిషన్' ఇవ్వాలి. రెమిషన్ అంటే ఆ ఏటికి శిస్తు మాఫీ. చదివి వినిపించాను. తహసీల్దారుగారు సంతకం చేశాడు. జనం లేచారు.

ఓబులమ్మ లేవలేదు.

"ఇంగేందమ్మా?" అన్నాను.

"నా జుల్మానా?"

పారిపోయి వచ్చిన నీళ్ళకు గవర్నమెంటు జుల్మానా కట్టే పద్దు ఏ బడ్జెట్లోనూ లేదని నెమ్మదిగా నచ్చజెప్పాను. ఆమె శ్రద్ధగా విని, కర్ర ఆనించుకుని లేచింది.

"సరే పో. నావేనని అందరి ముందర చెప్తిరి గదా. నా నీళ్ళు నా చేన్లోనే ఉంటాయి. నేను ఇడిసిపెట్టను."

అప్పుడు మునసబు ముఖం చూడాలి. కింద ఆయన వరి ఎండుతోంది. ఒక గంట ముందు సర్కారు నీళ్ళని అరిచి విడిపించుకునే దారి ఉండేది. ఇప్పుడు తన నోటితోనే ఆమెకు రాసిచ్చాడు. ఆయన ఆమె వెనకే నడిచి, "ఓబులమ్మా, నిలబడు. ఊరోళ్ళం మనం. ఒక మాట అనుకున్యామనుకో, దానికి ఇంత పంతమా?" అన్నాడు.

"పంతం యాడిదన్నా? నాకు ఇత్తనాలు లేవు. ఉండేటియన్నీ భూమిలోనే మురిగిపాయె. తొలకరికి రెండెకరాలకు శెనక్కాయ ఇత్తనం ఇయ్యి. ఇప్పుడే తడిక ఇప్పుతా."

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ కర్ర పట్టుకుని ఆమె కాపలా కాసింది నీళ్ళను కాదు, రాబోయే పంటను. మునసబు మా వైపు తిరిగి, "చూడండి సార్" అన్నాడు. తహసీల్దారుగారు ఆకాశం వైపు చూసి, "ఇది రెవిన్యూ విషయం కాదండీ" అని జీపు దగ్గరికి నడిచాడు. నేను కాగితాలు సర్దుకోవడంలో మునిగిపోయాను. కాసేపటికి తలారి భుజం మీద మూట పెట్టుకుని మునసబు ఇంట్లోంచి బయటికి రావడం, వెనకాల ఇంకో మూట రావడం మాత్రం కంటికొసల చూశాను. ఓబులమ్మ మూట విప్పించి, కాయ వలిచి, పప్పు కొరికి చూసి, అప్పుడు పోయి తడిక తాడు విప్పింది. నీళ్ళు కింది మడిలోకి దిగాయి. నీళ్ళతో పాటు మిగిలిన చేపలు కూడా దిగాయి. తలారి వాటి వెంట దిగాడు.

జీపు వెళ్ళిపోయింది. నేను సైకిలు తీసుకుని కాలువ గట్టు మీదకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇల్లు చేరేలోపే ఉపవాసం విడిచే వేళ అవుతుందని గట్టు మీదే ఆగి, జేబులోంచి ఖర్జూరం తీసి పెట్టుకున్నాను. వెనక నుంచి అడుగుల చప్పుడు. ఓబులమ్మ ఒక చెంబు పట్టుకుని వస్తోంది.

"పొద్దున్నుంచి నీళ్ళు గూడా తాగలే గదప్పా నువ్వు. మా పక్కింటి దూదేకులోళ్ళు గూడా ఒక్కపొద్దులుంటారు, వాళ్ళు చెప్పినారు. పొద్దు మునిగినాక తాగుతారంట గదా" అంది.

చెంబు నిండా పాలు. వెచ్చగా ఉన్నాయి.

"ఏ బర్రెవి?" అన్నాను, తెలిసి తెలిసి.

"నాకు ఇంకెన్ని బర్రెలుండాయప్పా? నువ్వు తోలకపోతావని ఇన్ని దినాలు మా అక్క ఇంట్లో కట్టేసింటి. ఇప్పుడే తోలకొచ్చినా. రిపోర్టు రాసినాకనే తెచ్చినా సుమా. ముందు తెచ్చింటే లంచమంటావు."

సూర్యుడు దిగాడు. ఖర్జూరం నోట్లో వేసుకుని, దువా చదువుకుని, చెంబు ఎత్తి తాగాను. నేను తాడు పట్టుకుని తోలుకుపోవలసిన బర్రె పాలు అవి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆకలి వల్ల అని చెప్పుకోవచ్చు గానీ, కాదు. ఆమె చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తీసుకుని, "ఇంగా సగమే ఇస్తాంది, గడ్డి దెబ్బ" అని బర్రె తరఫున సంజాయిషీ చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఎన్నో ఊళ్ళలో ఎన్నో పన్నులు వసూలు చేశాను. ఎదురు ప్రశ్న వేసిన రైతును మా వాళ్ళు 'మొండి కేసు' అని రాసేవాళ్ళు. గుండ్లపల్లె తర్వాత నేను ఆ మాట రాయలేదు. ఓబులమ్మ కొత్త హక్కు ఏదీ అడగలేదు, కొత్త చట్టం అడగలేదు. తన బర్రె తప్పిపోయినప్పుడు తన మీద పెట్టిన రూలునే, సర్కారు నీళ్ళు తప్పిపోయినప్పుడు సర్కారు మీద పెట్టమంది. పన్ను కట్టే మనిషి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోతే, తప్పు ఆ మనిషిది కాకపోవచ్చని అక్కడ నేర్చుకున్నాను. అలాంటప్పుడు చాచిన చెయ్యి ముందు వెనక్కి తీసుకోవాలి. జవాబు దొరికాక మళ్ళీ చాచవచ్చు. నాకు మాత్రం ఆమె ప్రశ్నకు జవాబు ఈ రోజుకీ దొరకలేదు.